క్లయింట్ పోయాక: విండో సిస్టమ్‌లో కనెక్షన్లు, క్లీనప్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. స్లైడ్లు పెద్దగా లేవు. ఒక టెర్మినల్, ఎక్స్ సర్వర్ సోర్స్ కోడ్, అంతే. లినక్స్, యూనిక్స్ మెషీన్లలో స్క్రీన్ మీద విండోలు చూపించే ప్రోగ్రామ్ ఎక్స్ సర్వర్. దానికి కనెక్ట్ అయి విండోలు అడిగే ప్రతి ప్రోగ్రామూ ఒక క్లయింట్.

ఒక ప్రోగ్రామ్ చెప్పాపెట్టకుండా పోయిందనుకోండి. అది స్క్రీన్ మీద పరిచిన సామానంతా ఎవరు తియ్యాలి? ఏది ముందు తియ్యాలి? దేన్ని ముట్టుకోకూడదు? ఈ పూట మాట్లాడుకునేది ఇదే.

మామూలు ప్రోగ్రామ్‌కి ఈ గొడవ లేదు. ఎంత మెమరీ తీసుకున్నా, ఎన్ని ఫైళ్ళు తెరిచినా, ప్రాసెస్ పోగానే కెర్నల్ అంతా వెనక్కి లాగేసుకుంటుంది. విండో సంగతి అలా కాదు. మీ విండో మీ ప్రాసెస్‌లో ఉండదు, సర్వర్ మెమరీలో ఉంటుంది. మీరు గీసిన పిక్స్‌మ్యాప్ (అంటే సర్వర్ దగ్గర ఉండే బొమ్మ), పెట్టుకున్న కర్సర్, తెరిచిన ఫాంట్, అన్నీ అక్కడే. మీ ప్రాసెస్ పోయినప్పుడు కెర్నల్ చేసేదల్లా సాకెట్ మూసెయ్యడం. మిగతా పని సర్వర్ నెత్తిన పడుతుంది. ఆ సర్వరేమో రోజుల తరబడి ఆగకుండా నడిచే ప్రోగ్రామ్. క్లయింట్ పోయిన ప్రతిసారీ కాస్త చెత్త వదిలేస్తూ పోతే వారం తిరిగేసరికి మెషీన్ కూలబడుతుంది.

ఇప్పుడంతా ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్ కదా, ఎక్స్ గురించి ఎందుకు అని కొందరికి అనిపిస్తుండొచ్చు. పాతది కాబట్టే ఎంచుకున్నాను. 1984లో ఎమ్‌ఐటీలో, ప్రాజెక్ట్ అథీనా రోజుల్లో, బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్ మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన డబ్ల్యూ అనే విండో సిస్టమ్‌ని తీసుకుని తమకి కావలసినట్టు మార్చుకున్నారు. 1987 సెప్టెంబర్‌లో పదకొండో వెర్షన్ బయటికొచ్చింది. ప్రోటోకాల్ వెర్షన్ నంబరు ఇవాళ్టికీ 11 దగ్గరే ఉంది. అంటే దాదాపు నలభై ఏళ్ళుగా క్లయింట్లు రకరకాలుగా పోతూనే ఉన్నాయి, ఈ సర్వర్ వాటి వెనక ఊడుస్తూనే ఉంది. పోవడంలో ఎన్ని రకాలున్నాయో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

మొదట కనెక్షన్ ఎలా మొదలవుతుందో చూద్దాం, ఎందుకంటే క్లీనప్ సంగతి సగం అక్కడే తేలిపోతుంది.

ఒకే మెషీన్‌లో అయితే క్లయింట్ టెంప్ డైరెక్టరీలో ఉన్న యూనిక్స్ సాకెట్ ద్వారా వస్తుంది. నెట్‌వర్క్ మీద అయితే టీసీపీ పోర్టు 6000, దానికి డిస్‌ప్లే నంబరు కలుపుకోవాలి. ఎక్స్ సర్వర్లలో బాగా వాడుకలో ఉన్నది ఎక్స్‌ఆర్గ్. 2015లో వచ్చిన దాని 1.17 వెర్షన్ నుంచి టీసీపీ తలుపు డీఫాల్ట్‌గా మూసే ఉంటుంది, కావాలంటే మనమే తెరవాలి. క్లయింట్ పంపే మొట్టమొదటి బైటు, తన బైట్ల వరస ఏదో చెప్పే ఒక అక్షరం: చిన్న ఎల్ అయితే లిటిల్ ఎండియన్, పెద్ద బి అయితే బిగ్ ఎండియన్. ఆ తర్వాత ప్రోటోకాల్ వెర్షన్, దాని వెనకే మ్యాజిక్ కుకీ. ఆ కుకీ హోమ్ డైరెక్టరీలోని ఎక్స్‌అథారిటీ ఫైల్లో దాచిన 128 బిట్ల రహస్యం.

సర్వర్ ఒప్పుకుంటే పెద్ద జవాబు పంపిస్తుంది. స్క్రీన్ ఎంత, రంగులెన్ని వగైరా వగైరా. మనకి కావలసినవి అందులో రెండే: రిసోర్స్ ఐడీ బేస్, రిసోర్స్ ఐడీ మాస్క్.

ఇక్కడ కొంచెం ఆగాలి. మీలో వెబ్ రాసేవాళ్ళకి ఐడీ అంటే సర్వర్ ఇచ్చేదే. ఎక్స్‌లో తయారుచేసే ప్రతి వస్తువుకీ క్లయింటే ఐడీ పెట్టుకుంటుంది. "ఫలానా నంబరుతో నాకో విండో చెయ్యి" అని పంపేసి, జవాబు కోసం చూడకుండా "ఆ నంబరు విండో మీద గీత గియ్యి" అని వెంటనే ఇంకోటి పంపుతుంది. 1980ల నెట్‌వర్క్ మీద ప్రతి వస్తువుకీ ఒకసారి వెళ్ళి వచ్చేంత సేపు కూర్చుంటే పని జరగదు. మరి వందమంది క్లయింట్లు ఎవరిష్టం వచ్చిన నంబరు వాళ్ళు పెట్టుకుంటే గొడవ కదా? అందుకే బేస్, మాస్క్. బేస్ అంటే ఆ క్లయింట్‌కి ఇచ్చిన నంబర్ల మొదలు, మాస్క్ అంటే ఆ నంబరులో క్లయింట్ తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోగల బిట్లు.

ఐడీ 32 బిట్లు. పైన మూడు ఎప్పుడూ సున్నాలే, మిగిలింది 29. చాలాకాలం పాటు ఎక్స్‌ఆర్గ్‌లో డీఫాల్ట్‌గా 256 క్లయింట్లకి చోటు. దానికి 8 బిట్లు పోతే మిగిలింది 21. అంటే ఒక్కో క్లయింట్‌కి 20,97,152 నంబర్లు. టెర్మినల్ చూడండి. ఈ విండో మీద క్లిక్ చేస్తే ఐడీ వచ్చింది, హెక్స్‌లో 3800007. దీన్ని 21 బిట్లు కుడికి జరిపితే ఎంత? 28. అంటే ఇది ఇరవై ఎనిమిదో నంబరు క్లయింట్‌ది. ఏ టేబుల్లోనూ వెతకలేదు, నంబరు చూసి చెప్పేశాం.

మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తారు కదా, పెళ్ళిలో నాలుగిళ్ళ గిన్నెలు కలిసిపోయినా అడుగు తిప్పి చూసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తారు. ఇదీ అంతే. వస్తువు పుట్టినప్పుడే యజమాని పేరు దాని మీద పడింది. పోయాక ఎవరిదో వెతుక్కునే పని లేదు.

ఈ లెక్కలోనే ఒక పరిమితి దాగుంది. మాస్క్‌లో కనీసం 18 బిట్లు ఉండాలని ప్రోటోకాల్ చెబుతుంది. 29లోంచి 18 తీస్తే 11. అంటే క్లయింట్లు మహా అయితే 2048. మ్యాక్స్‌క్లయింట్స్ ఆప్షన్‌తో అంతవరకూ పెంచుకోవచ్చు. ఆ మేరకు ఒక్కొక్కరి నంబర్లు తగ్గి 2,62,144కి వస్తాయి. బ్రౌజర్లో ట్యాబులు, దానికి తోడు పది రకాల ప్యానెళ్ళు తెరిచి "క్లయింట్ల సంఖ్య పరిమితి దాటింది" అన్న మెసేజ్ చూసినవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. నంబర్లు అయిపోయిన క్లయింట్‌కి, వాడి వదిలేసిన నంబర్లు ఎక్కడున్నాయో చెప్పే ఎక్స్‌సీ-మిస్క్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. రోజుల తరబడి నడిచే ప్రోగ్రాములకి అది కావాలి.

సర్వర్ లోపల ఏముందంటే, ప్రతి క్లయింట్‌కీ ఒక హాష్ టేబుల్. ఒక్కో ఎంట్రీలో ఐడీ, అది ఏ రకం వస్తువు, అసలు వస్తువుకి పాయింటర్. ప్రతి రకానికీ ఒక డిలీట్ ఫంక్షన్ ముందే నమోదై ఉంటుంది. విండోకి ఒకటి, పిక్స్‌మ్యాప్‌కి ఒకటి, గ్రాఫిక్స్ కాంటెక్స్ట్‌కి ఒకటి. రేపు మీరు కొత్త ఎక్స్‌టెన్షన్ రాసి కొత్త రకం వస్తువు తెచ్చినా, దాని డిలీట్ ఫంక్షన్ ఇవ్వకుండా రకాన్ని నమోదు చెయ్యలేరు. నాకు ఈ డిజైన్లో బాగా నచ్చేది ఇదే. "క్లీనప్ తర్వాత రాద్దాంలే" అనే అవకాశమే లేదు.

టేబుల్లోంచి తీసెయ్యడం వేరు, వస్తువు పోవడం వేరు. మీరు ఒక పిక్స్‌మ్యాప్‌ని విండో బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి, వెంటనే ఆ పిక్స్‌మ్యాప్‌ని ఫ్రీ చేశారనుకోండి. ఐడీ అప్పుడే పోతుంది. మెమరీ మాత్రం ఆ విండో వాడుతున్నంత కాలం ఉంటుంది, ఎందుకంటే లోపల రిఫరెన్స్ కౌంట్, అంటే ఇంకా ఎంతమంది వాడుతున్నారన్న లెక్క, నడుస్తుంది. ఈ తేడా పట్టించుకోకపోతే ముందు ముందు చెప్పబోయే సెక్యూరిటీ కథలు అర్థం కావు.

సరే, క్లయింట్ పోయిందని సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? మంచి సందర్భంలో తేలిక. సాకెట్ చదవబోతే సున్నా బైట్లు వస్తాయి. ప్రాసెస్ మర్యాదగా మూసినా, సెగ్‌ఫాల్ట్ అయినా, మీరు కిల్ మైనస్ నైన్ కొట్టినా సర్వర్‌కి అదే కనపడుతుంది. ఎలా పోయిందన్నది దానికి అనవసరం.

చిక్కంతా తెలియని సందర్భాల్లో ఉంది. టీసీపీ మీద వచ్చిన క్లయింట్ మెషీన్ కరెంటు పోయిందనుకోండి. అటునుంచి మూస్తున్నానన్న కబురు రాదు. కీప్ అలైవ్ గడువు తీరేదాకా విండో స్క్రీన్ మీద దయ్యంలా నిలబడి ఉంటుంది. ఇంకొకటి ఫోర్క్, అంటే ప్రోగ్రామ్ తన నకలునే ఇంకో ప్రాసెస్‌గా పుట్టించడం. మీ ప్రోగ్రామ్ ఫోర్క్ చేసింది, చైల్డ్ ఎగ్జెక్ చెయ్యకుండా, అంటే వేరే ప్రోగ్రామ్‌గా మారకుండా, ఏదో లెక్క చేసుకుంటోంది, ఈలోపు పేరెంట్ క్రాష్ అయింది. సాకెట్ ఇంకా చైల్డ్ చేతిలో తెరిచే ఉంది. కెర్నల్ దృష్టిలో కనెక్షన్ బతికే ఉంది కాబట్టి సర్వర్‌కి ఏ కబురూ అందదు. విండో కదలదు, మూసుకోదు. ఎగ్జెక్ చేస్తే సాకెట్ దానంతటదే మూసుకునేలా, ప్రోగ్రాములు ఎక్స్‌తో మాట్లాడటానికి వాడే ఎక్స్‌లిబ్ అనే లైబ్రరీ ఫ్లాగ్ పెడుతుంది, ఎగ్జెక్ లేని ఫోర్క్‌కి ఆ మందు పనిచెయ్యదు. ఇలాంటి బగ్ తగిలితే ముందు చైల్డ్ ప్రాసెసుల ఫైల్ డిస్క్రిప్టర్లు చూడండి.

ఇంకో రకం క్లయింట్ ఉంది. బతికే ఉంటుంది గానీ ఈవెంట్లు చదవదు. మీరు మౌస్ కదుపుతూనే ఉంటారు, సర్వర్ పంపుతూనే ఉంటుంది, కెర్నల్ బఫర్ నిండిపోతుంది. సర్వర్ ఒక క్లయింట్ కోసం ఆగితే మొత్తం డెస్క్‌టాప్ ఆగిపోతుంది కాబట్టి ఆగదు, తన దగ్గర బఫర్ పెంచుకుంటూ పోతుంది. పెంచడానికి మెమరీ దొరకని రోజున ఆ కనెక్షన్ని తెంపేస్తుంది. నా ఉద్దేశంలో సర్వర్ రాసేవాళ్ళు మొదటి రోజే తేల్చుకోవలసిన విషయం ఇది: ఎంత సహించి, ఎక్కడ తెంపాలి.

ఇప్పుడు తెంపే వరస. కోడ్‌లో ఈ ఫంక్షన్ పేరు క్లోజ్ డౌన్ క్లయింట్. నా స్క్రీన్ మీద ఉంది చూడండి. మొదటి పని ఏంటి? మెమరీ ఫ్రీ చెయ్యడం కాదు. సర్వర్ గ్రాబ్ ఈ క్లయింట్ చేతిలో ఉందా అని చూడటం. ఒక క్లయింట్ సర్వర్‌ని గ్రాబ్ చేస్తే, మిగతా ఎవరి రిక్వెస్టులూ నడవవు. గ్రాబ్ చేసినవాడే పోయి, అది విడిపించకపోతే మొత్తం స్క్రీన్ గడ్డకట్టుకుపోతుంది. ఆ తర్వాత క్లిప్‌బోర్డ్ లాంటి సెలెక్షన్లకి ఇతను ఓనర్ అయితే ఆ పేరు కొట్టెయ్యడం. ఆ తర్వాత మౌస్, కీబోర్డ్ గ్రాబులు. ఆ తర్వాత "ఈ క్లయింట్ పోయింది" అన్న జెండా ఎగరెయ్యడం. జెండా ఎందుకు ముందు? ఇప్పుడు విండోలు ధ్వంసం చేస్తుంటే, విండో ధ్వంసమైందన్న ఈవెంట్లు పుడతాయి. అవి పోయినవాడికే పంపబోతే, లేని సాకెట్‌లో రాసినట్టే. తర్వాత సాకెట్ మూసి, చివరికి ఆ హాష్ టేబుల్ ఖాళీ చెయ్యడం.

ఖాళీ చేసే ఫంక్షన్లో ఒక పాత కామెంట్ ఉంది, నాకు చాలా ఇష్టం. ఎలాగూ లిస్టు మొత్తం పోతోంది కదా, ఒక్కొక్క ఎంట్రీ తీసినప్పుడల్లా లిస్టు తలని సరిచెయ్యడం వెర్రిగా అనిపించొచ్చు, కానీ తప్పదు అని రాశారెవరో. ఎందుకంటే కొన్ని డిలీట్ ఫంక్షన్లు పని మధ్యలో ఇంకో వస్తువుని ఐడీతో వెతుకుతాయి. రంగు ఎంట్రీ తీసే ఫంక్షన్ దాని కలర్‌మ్యాప్‌ని వెతుకుతుంది. కాబట్టి ఇల్లు కూలుస్తున్నా చివరి ఇటుక దాకా టేబుల్ సరైన స్థితిలోనే ఉండాలి. దీనివల్ల మరీ నెమ్మదించదనే ఆశిస్తున్నాను అని ఆయన చివర్లో ఒక మాట కూడా అన్నారు.

పైగా టేబుల్లో వస్తువులు హాష్ వరసలో ఉంటాయి, ఏది దేని మీద ఆధారపడిందన్న వరసలో కాదు. విండో పోతే దాని పిల్లవిండోలు కూడా పోవాలి. ఆ పిల్లల్లో కొన్ని వేరే క్లయింట్‌వి కావొచ్చు, వాటి ఎంట్రీలు వేరే టేబుల్లో ఉంటాయి. అక్కడికి వెళ్ళి అవి కూడా తియ్యాలి. ఇంత జాగ్రత్త పడ్డా తప్పులు వచ్చాయి. 2023 మార్చిలో బయటపడ్డ సీవీఈ-2023-1393 చూడండి (సీవీఈ అంటే బయటపడ్డ సెక్యూరిటీ లోపానికి ఇచ్చే నంబరు). కాంపోజిట్ ఎక్స్‌టెన్షన్‌లో ఓవర్లే విండో అని ఒకటుంది. సర్వర్ తన సొంత స్ట్రక్చర్‌లో దానికి పాయింటర్ దాచుకుంది. క్లయింట్ ఆ విండోని నేరుగా ధ్వంసం చేస్తే వస్తువు పోయేది, పాయింటర్ మిగిలేది. తర్వాత ఎప్పుడో ఆ పాయింటర్ వాడగానే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే ఫ్రీ చేసేసిన మెమరీనే మళ్ళీ వాడటం. 2025లో వచ్చిన సీవీఈ-2025-26594 కూడా అచ్చం అదే కథ, ఈసారి రూట్ కర్సర్. సర్వర్ దాన్ని గ్లోబల్ వేరియబుల్‌గా పెట్టుకుంది, క్లయింట్ ఎలాగో దాన్ని ఫ్రీ చేయించగలిగింది. రెండిట్లోనూ వస్తువు తీసే కోడ్ సరిగ్గానే ఉంది. ఆ వస్తువు తమ దగ్గర కూడా గుర్తు రాసుకున్నవాళ్ళకి కబురు వెళ్ళలేదు. క్లీనప్ బగ్గుల్లో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఇవే.

ఇప్పటిదాకా "అన్నీ తియ్యాలి" అనుకుంటూ వచ్చాం. అసలు రుచి తియ్యకూడని వాటి దగ్గర ఉంది.

వాల్‌పేపర్ పెట్టే ప్రోగ్రామ్ ఉంటుంది. బొమ్మ లోడ్ చేసి, పిక్స్‌మ్యాప్ చేసి, రూట్ విండో, అంటే అన్నిటికీ వెనక స్క్రీనంతా పరుచుకున్న విండో, దాని బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి వెళ్ళిపోతుంది. విండో వెనక బొమ్మ ఎలాగూ నిలుస్తుంది, రిఫరెన్స్ కౌంట్ ఉంది కదా. కానీ పారదర్శకంగా కనపడే టెర్మినళ్ళకి ఆ పిక్స్‌మ్యాప్ ఐడీ కావాలి, వాల్‌పేపర్‌ని తమ వెనక గీసుకోవడానికి. ఐడీ బతకాలి. అందుకు సెట్ క్లోజ్ డౌన్ మోడ్ అనే రిక్వెస్టు ఉంది. మామూలుగా మోడ్ డిస్ట్రాయ్. దాన్ని రిటెయిన్ పర్మనెంట్ అని మార్చి వెళ్ళిపోతే, కనెక్షన్ పోయినా వస్తువులు ఉంటాయి. రిటెయిన్ టెంపరరీ అని మధ్యస్థంగా ఇంకోటి ఉంది, అలా మిగిలినవన్నీ ఒకేసారి తుడిచేసే ఏర్పాటుతో.

దీని ఖర్చు ఏంటో తెలుసా? క్లయింట్ లేకపోయినా దాని నంబరు సీటు ఖాళీ అవదు, ఎందుకంటే ఆ ఐడీలు ఇంకా వాడుకలో ఉన్నాయి. 256 సీట్లలో ఒకటి పోయినట్టే. ప్రతి పది నిమిషాలకీ వాల్‌పేపర్ మార్చే స్క్రిప్టు పాతదాన్ని కిల్ క్లయింట్ అనే రిక్వెస్టుతో తీసెయ్యకపోతే రెండు రోజుల్లోపే సీట్లన్నీ అయిపోతాయి. పైగా 1920 బై 1080 బొమ్మ, పిక్సెల్‌కి 4 బైట్లు, ఒక్కొక్కటి 82,94,400 బైట్లు. లెక్క మీరే వేసుకోండి. అందుకే మర్యాదగల వాల్‌పేపర్ ప్రోగ్రాములు రూట్ విండో మీద ప్రాపర్టీలో పాత పిక్స్‌మ్యాప్ ఐడీ చదివి, ముందు దాన్ని చంపి, తర్వాత కొత్తది పెడతాయి.

రెండోది విండో మేనేజర్. టైటిల్ బార్, మూసే బటన్, చుట్టూ ఫ్రేమ్ ఇవన్నీ విండో మేనేజర్ తయారుచేసిన విండోలు. మీ బ్రౌజర్ విండోని అది తన ఫ్రేమ్‌లోపలికి పిల్లగా మార్చుకుంటుంది. ఇప్పుడు విండో మేనేజర్ క్రాష్ అయింది. పైన చెప్పిన నియమం ప్రకారం దాని ఫ్రేములు పోవాలి, ఫ్రేములతో పాటు వాటి పిల్లలు, అంటే మీ బ్రౌజరు, మీ ఎడిటరు, మీరు సేవ్ చెయ్యని డాక్యుమెంటు... (నవ్వులు) అలా జరగదు. సేవ్ సెట్ అని ఒక జాబితా ఉంది. విండో మేనేజర్ ఫ్రేమ్‌లోకి తీసుకునే ప్రతి విండోనీ ముందుగా ఆ జాబితాలో రాస్తుంది. అది పోయినప్పుడు సర్వర్ ఒక్క వస్తువు కూడా ఫ్రీ చెయ్యకముందే ఈ జాబితా తీసి, ఆ విండోలన్నిటినీ ఫ్రేముల్లోంచి బయటికి తీసి పై విండోకి అప్పగిస్తుంది. దాచి ఉన్నవాటిని మళ్ళీ కనపడేలా చేస్తుంది. ఆ తర్వాతే కూల్చివేత. ఇంకో విండో మేనేజర్ మొదలవగానే వాటికి కొత్త ఫ్రేములు తొడుగుతుంది, మీ పని మీరు చేసుకోవచ్చు. 1987 నాటి ప్రోటోకాల్‌లోనే ఇది ఉందంటే, "విండో మేనేజర్ కూడా పోతుంది" అని వాళ్ళు మొదటినుంచీ లెక్కేసుకున్నారన్నమాట.

మూడోది అందరికీ అనుభవమే. ఎడిటర్లో కాపీ చేశారు, ఎడిటర్ మూశారు, ఇంకోచోట పేస్ట్ కొడితే ఏమీ రాదు. కాపీ అన్నప్పుడు సర్వర్ దగ్గరికి టెక్స్టు వెళ్ళదు. "సెలెక్షన్‌కి ఓనర్ ఫలానా విండో" అన్న ఒక్క ముక్కే వెళుతుంది. పేస్ట్ చేసినవాడు అడిగినప్పుడు ఓనర్ అప్పటికప్పుడు ఇస్తుంది. ఓనర్ పోతే సర్వర్ ఆ పేరు కొట్టేస్తుంది, ఇవ్వడానికి ఎవరూ ఉండరు. వందల మెగాబైట్ల బొమ్మ కాపీ చేసినా ఎవరూ అడక్కపోతే ఒక్క బైటు కూడా కదలదు, అది లాభం. నష్టం మీకు తెలిసిందే. తర్వాత క్లిప్‌బోర్డ్ మేనేజర్లు వచ్చాయి. మూసేముందు ప్రోగ్రామ్ వాటిని పిలిచి, ఇది దాచి పెట్టుకో అంటుంది. క్రాష్ అయితే పిలిచే టైమే ఉండదు కాబట్టి అప్పుడు పోయినట్టే.

నాలుగోది భయపెట్టేది. స్క్రీన్ లాకర్. ఎక్స్‌లో లాకర్ అంటే ప్రత్యేకమైన అధికారం ఏమీ లేదు, అదీ ఒక క్లయింటే. స్క్రీనంతా కప్పే విండో వేసి, కీబోర్డూ మౌసూ గ్రాబ్ చేసి కూర్చుంటుంది. అది క్రాష్ అయితే సర్వర్ ఏం చేస్తుంది? ఇప్పటిదాకా మనం మెచ్చుకున్న పనే బుద్ధిగా చేస్తుంది. గ్రాబులు విడిపిస్తుంది, విండో తీసేస్తుంది. మీ డెస్క్‌టాప్ వచ్చిపోయేవాళ్ళందరికీ తెరిచి పెట్టినట్టే! క్లీనప్ ఒక్క పొరపాటు లేకుండా జరిగింది, తాళం ఊడింది. 1992 నుంచి ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అనే లాకర్‌ని నడుపుతున్న జేమీ జవిన్‌స్కీ ఏళ్ళ తరబడి ఈ మాటే మొత్తుకుంటున్నారు: లాక్ పట్టుకునే ప్రాసెస్ చిన్నగా ఉండాలి, బటన్లు, మెనూలు గీసిపెట్టే పెద్ద టూల్‌కిట్ లైబ్రరీలు అందులో లింక్ చెయ్యకూడదు అని. 2021లో వచ్చిన ఆరో వెర్షన్లో పాస్‌వర్డ్ డైలాగ్‌ని, బొమ్మలు గీసే భాగాన్ని వేరే ప్రాసెసులుగా విడగొట్టారు. డైలాగ్ క్రాష్ అయినా గ్రాబ్ పట్టుకున్న ప్రాసెస్ బతికే ఉంటుంది.

వేలాండ్ వాళ్ళు దీనికి ప్రోటోకాల్‌లోనే మందు వేశారు. ఎక్స్ట్ సెషన్ లాక్ అనే ప్రోటోకాల్ ప్రకారం, లాకర్ క్లయింట్ తాళం తియ్యకుండా పోతే కాంపోజిటర్ (వేలాండ్‌లో సర్వర్ పని చేసేది ఇదే) సెషన్‌ని లాక్‌లోనే ఉంచాలి. మళ్ళీ కొత్త లాకర్‌ని రానిచ్చి తాళం తియ్యనివ్వాలా అన్నది కాంపోజిటర్ ఇష్టం. ఓనర్ పోయినా వస్తువు నిలవడం అన్నమాట. ఎక్స్‌లో వాల్‌పేపర్ కోసం పెట్టిన ఆలోచన ఇక్కడ తాళానికి వచ్చింది.

వేలాండ్ గురించి ఇంకో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. అక్కడ ఐడీలు ఒక్కో కనెక్షన్‌కి విడివిడిగా ఉంటాయి. నా ఐడీ 5, మీ ఐడీ 5 వేర్వేరు వస్తువులు. ఇంకొకరి విండో నంబరు పట్టుకుని దాన్ని చంపెయ్యడం కుదరదు. క్లయింట్ ప్రోటోకాల్ తప్పితే సర్దుబాట్లు ఉండవు, కనెక్షన్ తెగుతుంది. ఎక్స్‌లో తప్పు రిక్వెస్టుకి ఒక ఎర్రర్ వస్తుంది, బతుకు కొనసాగుతుంది. ఏది మేలంటే, సర్వర్ రాసేవాళ్ళకి వేలాండ్ పద్ధతే సుఖం. సగం తప్పిన స్థితిలో ఉన్న క్లయింట్‌ని ఎలా మొయ్యాలో ఆలోచించక్కర్లేదు.

సర్వర్ చేతిలో లేనివి కూడా ఉన్నాయి, మర్చిపోకండి. పాత షేర్డ్ మెమరీ పద్ధతిలో, క్లయింటూ సర్వరూ పంచుకునే మెమరీ ముక్క, అంటే సెగ్మెంట్, కెర్నల్‌ది. క్లయింట్ దాన్ని చేసి, తుడిచెయ్యమని గుర్తుపెట్టకముందే క్రాష్ అయితే, సర్వర్ తన వైపు వదిలేసినా సెగ్మెంట్ అలాగే ఉండిపోతుంది. ఐపీసీఎస్ కమాండ్ కొడితే అనాథల్లా కనపడతాయి. అందుకే సర్వర్ అటాచ్ అయిందని తేలగానే తుడిచే గుర్తు పెట్టెయ్యమంటారు. ఇప్పుడు ఫైల్ డిస్క్రిప్టర్లు పంపుకునే పద్ధతి వచ్చాక ఆ బాధ తగ్గింది, అందరూ మూసేస్తే కెర్నలే తీసేస్తుంది.

ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేడమ్, ఎక్స్‌కిల్ అనే కమాండ్ ఇచ్చి ఒక విండో మీద క్లిక్ చేస్తే ప్రాసెస్ చచ్చిపోతుంది కదా. సర్వర్‌కి ప్రాసెస్‌ని చంపే హక్కు ఉంటుందా?

ఉండదండి. సర్వర్ తెంపేది కనెక్షన్నే. అటువైపు ఎక్స్‌లిబ్ సాకెట్ పోయిందని గమనించి ఎర్రర్ ప్రింట్ చేసి ఎగ్జిట్ కొడుతుంది, మనకి చంపినట్టు కనపడుతుంది. ఎక్స్‌లిబ్ బదులు ఎక్స్‌సీబీ అనే ఇంకో లైబ్రరీ నేరుగా వాడే ప్రోగ్రామ్ అయితే విండో లేకుండా వెనకాల నడుస్తూనే ఉండొచ్చు. ఎక్స్‌లిబ్‌లో కూడా ఎగ్జిట్ అవకుండా తప్పించుకునే దారి 1.7.0 వెర్షన్ నుంచి ఇచ్చారు. మామూలు మూసే బటన్ మాత్రం వేరు, అది క్లయింట్‌కి "మూసుకుంటావా" అని మెసేజ్ పంపుతుంది, సేవ్ చెయ్యమంటారా అని అడిగే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: క్లయింట్ పోయాక అదే నంబరు ఇంకొకరికి వస్తుందా?

వస్తుంది, వెంటనే కూడా రావచ్చు. ఖాళీ అయినవాటిలో అన్నిటికంటే చిన్న నంబరు ముందు ఇస్తుంది సర్వర్. నంబరు అదే అంటే బేస్ అదే, అంటే పాత ప్రోగ్రామ్ మొదటి విండో ఐడీ, కొత్త ప్రోగ్రామ్ మొదటి విండో ఐడీ ఒకటే అయ్యే అవకాశం ఉంది. మీరు స్క్రిప్టులో విండో ఐడీ దాచుకుని కాసేపాగి దాని మీద ఏదో చేస్తే, ఇంకెవరి విండోకో తగలొచ్చు. విండో పోయిందన్న ఈవెంట్ వినకుండా ఐడీలు దాచుకోకండి.

ప్రశ్న: సర్వర్ మెమరీ పెరిగిపోతుంటే ఏ క్లయింట్ వల్లో ఎలా పట్టుకోవాలి?

ఎక్స్‌రెస్‌టాప్ అని ఒక టూల్ ఉంది. ఏ క్లయింట్ ఎన్ని విండోలు, ఎన్ని పిక్స్‌మ్యాపులు, ఎంత మెమరీ పట్టుకుందో వరసగా చూపిస్తుంది. పిక్స్‌మ్యాపుల కాలమ్ ఆగకుండా పెరుగుతుంటే దొంగ దొరికినట్టే. టాప్ కమాండ్‌లో సర్వర్ పెద్దగా కనపడుతుంది, అది చూసి సర్వర్‌ని తిట్టకండి పాపం.

ప్రశ్న: సర్వరే క్రాష్ అయితే?

ఎక్స్‌లో అయితే క్లయింట్లన్నీ దాదాపుగా పోతాయి. తిరిగి కట్టుకోవడం ఎందుకు కష్టమంటే, గీసిన పిక్స్‌మ్యాపుల కాపీ చాలాసార్లు క్లయింట్ దగ్గర ఉండదు, సర్వర్ దగ్గరే ఉండేది, అది పోయింది. వేలాండ్‌లో క్లయింటే తన బఫర్లో గీసి ఇస్తుంది కాబట్టి మళ్ళీ ఇవ్వగలదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేడీఈ ప్లాస్మా 6 డెస్క్‌టాప్‌లో కాంపోజిటర్ క్రాష్ అయి మళ్ళీ లేస్తే, క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన ప్రోగ్రాములు కొత్త కనెక్షన్ తెరిచి తమ విండోలు తామే మళ్ళీ కట్టుకుంటాయి. టూల్‌కిట్ ఆ పని నేర్చుకోవాలి, ప్రతి ఆబ్జెక్టూ కొత్త ఐడీతో మొదటినుంచీ చెయ్యాలి. మీలో టూల్‌కిట్ కోడ్ రాసేవాళ్ళుంటే క్యూటీ వేలాండ్ భాగంలో ఆ కోడ్ చదవండి, మరీ పెద్దది కాదు.